మొదటి ఖాళీకి తుది జవాబు

కర్నూలు జిల్లా విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా, మన జాతీయ పక్షి లాభం. ఈ విషయం 2008 ఆగస్టులో తుది కీ ద్వారా అధికారికంగా ఖరారైంది. అంతకుముందు నెమలి ఉండేది. ఇందువల్ల నెమలికి కలిగిన అసౌకర్యానికి జిల్లా ఆన్‌లైన్ మూల్యాంకన ప్రత్యేక విభాగం చింతించడం లేదు. ఎందుకంటే గడువులోగా నెమలి నుంచి ఎటువంటి అభ్యంతరమూ అందలేదు.

ఇంత పెద్ద మార్పు రాత్రికి రాత్రి వచ్చింది కాదు. దాని వెనుక ఒక కమిటీ కృషి ఉంది. ఆ కమిటీలో నేనూ సభ్యుణ్ణి. ఆలూరు పక్కన ఒక పల్లెలో ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మాటలు ఆచితూచి వాడతానని నాకొక పేరు ఉండేది. తర్వాత నా పేరే మారింది. ఆ సంగతి దాని చోట చెబుతాను.

ఆ ఏడు ఏడో తరగతి పిల్లల కోసం జిల్లాలో కొత్తగా ఒక గురుకుల పాఠశాల తెరిచారు. తిండి, బట్ట, పుస్తకాలు, పడక అన్నీ అక్కడే. ప్రవేశ పరీక్షలో ఇరవై ఐదుకు ఇరవై మార్కులు వస్తే సీటు. పంతొమ్మిది వస్తే ఇంటికి. పరీక్ష ఆన్‌లైన్. అంతకు ముందు ఏడాది ఇంకో పరీక్షను నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకునే పద్ధతిలో పెట్టి చూశారు. కిటికీల అవతల నిలబడిన బంధువులు వేళ్లు చూపించారు. కిటికీలు మూయించారు. అప్పుడు దగ్గులు మొదలయ్యాయి. మొదటి జవాబుకు ఒక దగ్గు, నాలుగో జవాబుకు నాలుగు. ఒక కేంద్రం చుట్టూ దగ్గు తీవ్రత చూసి ఊరికి ఏదో జబ్బు తగిలిందని మందుల శిబిరం పెట్టారు. శిబిరానికి ఒక్కరూ రాలేదు, పరీక్ష అయిపోయింది కాబట్టి. అందువల్ల ఈసారి ఖాళీలు పూరించే పద్ధతి వచ్చింది. తుంగభద్ర అని దగ్గడం ఎవరికీ సాధ్యం కాదని నిపుణులు తేల్చారు.

కమిటీ మొదటి సమావేశంలో ప్రత్యేకాధికారి ధనుంజయ గారు ప్రసంగించారు. "నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనడం బిడ్డలను అనుమానించడం. ఖాళీ ఇచ్చి పూరించమనడం బిడ్డలను నమ్మడం. ఈ జిల్లాకు ఖాళీలు కొత్త కాదు. మన చెరువులు ఖాళీ. మన కాలువలు ఖాళీ. మన బడుల్లో పోస్టులు ఖాళీ. వాటిని మనం పూరించలేకపోయాం. కనీసం ఈ ఇరవై ఐదు ఖాళీలనైనా బిడ్డల చేత పూరింపజేద్దాం" అన్నారు. చప్పట్లు కొట్టాం. ఎవరికో కళ్లు కూడా తుడుచుకోవలసి వచ్చింది.

తర్వాత ఖాళీ ఎంత పొడవు ఉండాలనే అంశం మీద చర్చ జరిగింది. జవాబు పొడవును బట్టి ఖాళీ ఇస్తే పిల్లలు పొడవు చూసి కనిపెడతారని ఒకరు భయపడ్డారు. అన్ని ఖాళీలూ సమానంగా ఉండాలి, రాజ్యాంగం చెప్పేది అదే అని ఇంకొకరు గుర్తు చేశారు. ఖాళీ వాక్యం మొదట ఉండాలా, చివర ఉండాలా అనేదానికి ఒక ఉపసంఘం వేశారు. ఒక సీనియరు ఉపాధ్యాయుడు ఎవరూ కాపీ కొట్టడానికి వీల్లేని ప్రశ్న ఒకటి తయారుచేసి తెచ్చారు. అందులో వాక్యం అంతా ఖాళీయే. చివర చుక్క మాత్రం ఇచ్చారు. అది చాలా ఉన్నత స్థాయి ప్రశ్న అని మెచ్చుకుని, పదో తరగతికి దాచి ఉంచారు.

చివరికి మేం ఇరవై ఐదు వాక్యాలు తేల్చాం. మొదటిది నేను రాసిందే. 'మన జాతీయ పక్షి' అని రాసి, పక్కన అంగుళమున్నర ఖాళీ వదిలాను. మొదటి ప్రశ్న తేలికగా ఉంటే పిల్లలకు చెయ్యి వణకదని నా ఆలోచన. జవాబులు బయటికి పొక్కకుండా ఒక్కో జవాబునూ ఒక్కో చీటీ మీద రాసి, వరుస నంబరు వేసి, లక్క ముద్ర వేసి ధనుంజయ గారి బీరువాలో పెట్టాం.

పరీక్ష రోజు మా బడికి కరెంటు రాలేదు. ప్రభుత్వం ఇచ్చిన కంప్యూటర్లు గదిలో ప్లాస్టిక్ కవర్లు కప్పుకుని ఉన్నాయి. అందువల్ల ఆన్‌లైన్ పరీక్షను కాగితం మీద నిర్వహించాం. అయితే పరీక్ష స్వభావం చెడకుండా పిల్లలను కంప్యూటరు గది వరండాలోనే, కంప్యూటర్లకు వీలైనంత దగ్గరగా కూర్చోబెట్టాం. జిల్లాలో అన్ని కేంద్రాల్లోనూ ఇలాగే విజయవంతంగా జరిగింది. జవాబు పత్రాలు జీపుల్లో కర్నూలు చేరాయి. అక్కడ వాటిని ఆన్‌లైన్ చేశారు.

మా బడి నుంచి రాసినవాళ్లలో శివాని అనే పిల్ల ఉంది. తండ్రి చిన్న ఈరన్న, తల్లి సోమక్క. వానమీద ఆధారపడిన నాలుగెకరాలు, వాన మీద ఆధారపడని అప్పులు. పంట ఎట్లా ఉన్నా ఏటా కార్తీకం దాటితే వాళ్లు సుగ్గికి పోతారు. సుగ్గి అంటే మా వైపు వలస కూలి. గుంటూరు దిక్కు మిరపకాయలు కోయడానికి లారీ ఎక్కి పోయి, ఎండలు ముదిరాక తిరిగి వస్తారు. అంతవరకు పిల్లలకు బడి ఉండదు. ఆ ఏడు శివానికి పన్నెండేళ్లు నిండాయి. పన్నెండేళ్ల పిల్ల మనిషి కూలి తెస్తుంది. సీటు వస్తే గురుకులానికి, రాకపోతే లారీకి అని ఇంట్లో తేలిపోయింది.

శివాని మూడో తరగతి మా ఊరి చిన్న బడిలో పద్మప్రియ టీచరు దగ్గర చదివింది. పద్మప్రియ నా భార్య. ఈ పరీక్ష పెట్టిన ఏడే, మే నెలలో కామెర్లతో పోయింది. ఆ సంగతి ఈ కథకు ఇంతవరకే అవసరం.

ఫలితాలు ఆలూరులో ప్రకాశం నెట్ సెంటరు గోడకు అంటించారు. ప్రకాశం తన గోడకు అంటించిన దేనినైనా ముందు తాను చదివి, తర్వాత ఊరికి వ్యాఖ్యానం చెబుతాడు. నన్ను చూడగానే, "ఏం సార్, నెమలిని గూడా వదల్లేదే మీ కమిటీ! యాడికి బదిలీ చేసినారప్పా దాన్ని?" అన్నాడు.

తుది కీలో మొదటి ప్రశ్నకు ఎదురుగా 'లాభం' అని ఉంది. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. లాభమే. మిగిలిన ఇరవై నాలుగూ మేం రాసినవే. శివానికి పంతొమ్మిది వచ్చాయి.

సాయంత్రం సోమక్క మా ఇంటి ముందర నిలబడింది. "ఒక్క మార్కంట గదా సార్. అంగడికి పోతే వంకాయలోడు గూడా కొసరేస్తాడు. గవుర్మెంటు అంత పెద్దది, దానికి కొసరు లేదా?" అంది.

చిన్న ఈరన్న వెనక నిలబడి, "నోర్ముయ్యే. సార్‌కు తెలీదా?" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సార్, నిజంగా కొసరు లేదా?" అని తానూ అడిగాడు.

శివాని మాత్రం వేరే ప్రశ్న వేసింది. "పద్మ టీచరమ్మ నెమలి అని చెప్పినాది సార్. ఆయమ్మ తప్పు చెప్పినాదా?"

"లేదు" అన్నాను.

అభ్యంతరం తెలపాలంటే ఆన్‌లైన్‌లోనే తెలపాలి. ప్రకాశం దగ్గర కూర్చుని ఫారం తెరిచాను. అది కూడా ఖాళీలు పూరించే పద్ధతిలోనే ఉంది. మొదటి ఖాళీ, అభ్యంతరం తెలుపువారి పేరు. నా పేరు కొట్టాను. 'తప్పు. మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. ఇంటిపేరుతో కొట్టాను. తప్పు. పేరు ముందు శ్రీ చేర్చాను. తప్పు. నలభై ఎనిమిదేళ్లుగా నేను ఆ పేరుతోనే తిరుగుతున్నానని కంప్యూటరుకు చెప్పే ఖాళీ ఎక్కడా లేదు.

"పేరు సరిగ్గా గుర్తు తెచ్చుకోండి సార్" అని ప్రకాశం సలహా ఇచ్చాడు. "ఇంట్లో ఏమని పిలుస్తారు?"

ఇంట్లో పిలిచేవాళ్లు ఎవరూ లేరు. ఫారం మూసేసి మరుసటి రోజు కర్నూలు వెళ్లాను.

ఈ పరీక్షల సాఫ్ట్‌వేరు కాంట్రాక్టు కిరణ్‌కుమార్ అనే యువకుడిది. అతని ఆఫీసు తండ్రి లక్ష్మీనరసయ్య శెట్టిగారి ధాన్యపు మండీ మిద్దె మీద ఉంది. మెట్లు ఎక్కబోతూ కింద ఆగాను. శెట్టిగారు స్వయంగా విత్తనాల వేరుశనగ కాయలు కొలిపిస్తున్నారు. హమాలీ శేరు నింపి గోతంలో పోశాడు. శెట్టిగారు కళ్లు మూసుకుని, "లాభం" అన్నారు. రెండో శేరు పోశాడు. "రెండు" అన్నారు. "మూడు" అన్నారు.

నాకు అక్కడే అంతా అర్థమైంది. తరతరాలుగా మా సీమ మండీల్లో మొదటి కొలతను ఒకటి అనరు. లాభం అంటారు. బేరం శుభంగా మొదలు కావాలని. రెండు నుంచి అందరి లెక్కే.

మిద్దె మీద టైపు చేసే గాబ్రియేలు మిగతాది చెప్పాడు. అతనిది ఎర్రగుంట్ల. తండ్రి సిమెంటు ఫ్యాక్టరీలో పని. పుట్టినప్పటి నుంచి బస్తాల లెక్క, లారీల లెక్క చూసినవాడే కానీ శేరు పట్టి కొలవడం చూసినవాడు కాదు. కీ రహస్యం కాబట్టి శెట్టిగారు ఎవరినీ నమ్మక, కొడుకును కూడా బయటికి పంపి, చీటీలు తానే విప్పి చెప్పారట.

"ఫస్టు చీటీ ఇప్పి 'లాభం' అన్నారు సార్. నేను లాభం అని కొట్టి, అయింది సార్ అంటి. చీటీ పక్కన పెట్టేసినారు. తర్వాత 'రెండు' అన్నారు. రెండు ఏంది సార్ అని అడిగితి. అప్పుడు చీటీ చదివి చెప్పినారు."

"మొదటిదానికి ఎందుకు అడగలేదు?"

"అడిగేదానికేముండాది సార్? అది జవాబు మాదిరే ఉండాది గదా."

"మరి ఫారాలు?"

"అన్నీ అట్లే సార్. ఏ కొత్త ఫారం మొదలుపెట్టినా మొదటి ఖాళీకి శెట్టిగారు లాభం అంటారు. ఇప్పుడు ఆయప్ప చెప్పకముందే నేనే కొట్టేస్తాండా."

కిందికి వచ్చి శెట్టిగారికి విషయం చెప్పాను. ఆయన నన్ను జాలిగా చూశారు. "మొదటిది లాభం కాక ఇంకేముంటాది పంతులూ? ఒకటి అంటే కీడు గదా. పిల్లోళ్ల పరీక్షకు కీడు తలపెట్టమంటావా?" అన్నారు. ఆయనకు దురుద్దేశం లేదు. గాబ్రియేలుకు అజాగ్రత్త లేదు. జిల్లాలో తప్పు చేసినవాళ్లు ఎవరూ లేరు. నెమలి ఒక్కటే లేకుండా పోయింది.

ఆలూరు తిరిగి వచ్చి ఫారం తెరిచి, అభ్యంతరం తెలుపువారి పేరు దగ్గర 'లాభం' అని కొట్టాను. కంప్యూటరు వెంటనే ఆకుపచ్చగా వెలిగింది. నాలుగు రోజులకు బడికి జవాబు వచ్చింది. 'శ్రీ లాభం, తెలుగు పండితులు గారికి: తమరి అభ్యంతరం పరిశీలించడమైనది. లాభం గారే లాభం మీద అభ్యంతరం తెలపడం తమ అర్హతకు తగినట్టుగా లేదు. తిరస్కరించడమైనది.' అప్పటి నుంచి మా స్టాఫ్ రూములో నన్ను ఏమని పిలుస్తారో మీరు ఊహించగలరు.

నేరుగా ధనుంజయ గారిని కలిసి శేరు సంగతి, చీటీ సంగతి చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నారు. "పంతులు గారూ, మీరు చెప్పింది నిజమే కావచ్చు. కానీ తుది కీ అన్నాక అది తుది. ఒక్క జవాబు తప్పని ఒప్పుకుంటే మిగిలిన ఇరవై నాలుగు జవాబుల పరువేం కావాలి? పైగా ఆలోచించండి. జాతీయ పక్షి అంటే ఏమిటి? అందరూ చూడాలనుకునేది. ఎప్పుడో గాని కనబడనిది. కనబడిందని పట్టుకోబోతే ఎగిరిపోయేది. ఈ మూడు లక్షణాలూ దేనికున్నాయో మన రైతును అడగండి" అన్నారు.

ఆ వాదనలో లోపం వెతకడానికి నాకు ఆలూరు బస్సు దిగేవరకు పట్టింది.

ఈలోగా జిల్లా ముందుకు సాగింది. మొదటి విడతలో ఇరవై దాటినవాళ్లు తక్కువ కాబట్టి మిగిలిన సీట్లకు రెండో విడత పరీక్ష ప్రకటించారు. కోచింగ్ సెంటర్లు పుట్టుకొచ్చాయి. 'మా దగ్గర లాభం గ్యారంటీ' అని గోడల మీద రాశారు. పక్షుల చార్టులు అచ్చు వేసేవాళ్లు కొత్త బొమ్మ గీయించడం ఖర్చని, నెమలి బొమ్మ అలాగే ఉంచి కింద పేరు మాత్రం మార్చారు. ఇన్‌స్పెక్షనుకు వచ్చిన ఒక అధికారి మా బడిలో పాత చార్టు చూసి, విద్యార్థులను తప్పుదోవ పట్టిస్తున్నారని హెచ్చరించి వెళ్లారు. కడప జిల్లా నుంచి ఒక అధ్యయన బృందం వచ్చి, మన విధానం చూసి ముగ్ధులై, అయితే కర్నూలు పక్షినే తామూ ఉంచుకుంటే తమ జిల్లాకు చిన్నతనమని, వేరే పక్షిని కేటాయించమని పై అధికారులకు అర్జీ పెట్టుకుంది. ఒక ఊళ్లో ఉన్న రెండు వర్గాల్లో ఒకటి నెమలి వైపు, ఒకటి లాభం వైపు చీలే ప్రమాదం వచ్చింది కానీ, పెద్దమనుషులు కూర్చోబెట్టి మాట్లాడి రెండు వర్గాలనూ లాభం వైపే ఒప్పించారు. ఆ ఊరి చరిత్రలో రెండు వర్గాలు ఒక మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

రెండో విడతకు కొత్త ప్రశ్నలు రాస్తామని కమిటీ అడిగింది. దానికి నిధులు లేవు. 'ప్రశ్నలు అవే ఉంచి వరుస మార్చండి, కాపీ కూడా ఆగుతుంది' అని ఉత్తర్వు వచ్చింది. బీరువాలోని పాత చీటీల మీద పాత నంబర్లు కొట్టేసి కొత్త నంబర్లు వేశారు. జాతీయ పక్షి ఏడో ప్రశ్నగా వెళ్లింది. కర్నూలు నగరం ఏ నది ఒడ్డున ఉన్నదనే ప్రశ్న మొదటికి వచ్చింది. ఈ వరుస నాకు తెలియదు. ఆ పని ధనుంజయ గారు ఒక్కరే చేశారు. కానీ మొదటి ఖాళీ ఏదైనా దానికి జవాబేమిటో జిల్లాలో నాకు, గాబ్రియేలుకు తెలుసు.

పరీక్షకు ముందు రోజు బడి వదిలాక శివానిని పిలిచాను. "రేపు మొదటి ఖాళీలో ఏ ప్రశ్న ఉన్నా లాభం అని రాయి" అన్నాను.

"యా ప్రశ్న ఉన్నా?"

"ఏ ప్రశ్న ఉన్నా."

ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. "నేను రాయను సార్. అందరూ అదే రాయమంటాండారు. మా నాయన రాయమన్నాడు, మా యమ్మ ఒట్టు పెట్టించుకుంది. పద్మ టీచరమ్మ నెమలి అని చెప్పి, బోర్డు మీద బొమ్మ గూడా ఏసినాది. తోకకు రంగు సుద్దముక్కలన్నీ అరగదీసినాది. ఊరికే ఏస్తాదా సార్?"

పక్షి సంగతి కాదని, వరుస సంగతి అని, శేరు సంగతి అని విడమరిచి చెప్పవచ్చు. ఒక అరగంట చాలు. నేను చెప్పలేదు. ఆ రంగు సుద్దముక్కలు ఆ ఏడు మా జీతంలోంచి కొన్నవి. నాకు గుర్తుంది.

"నీకు తెలిసిందే రాయి" అన్నాను.

నది పేరు మాత్రం నేర్పించాను. మొదటి విడతలో ఆ ప్రశ్నకు ఆమె ఏమీ రాయలేదు. మా ఊరికి నీళ్లు ట్యాంకరులో వస్తాయి. దానికి ఒడ్డు ఉండదు.

రెండో విడత ఫలితాలు వచ్చాయి. మొదటి ఖాళీకి తుది జవాబు ప్రకారం కర్నూలు లాభం ఒడ్డున ఉన్నది. నది పక్కన వెంచర్లు వేసిన పెద్దలెవరూ దీనికి అభ్యంతరం చెప్పలేదు. శివాని తుంగభద్ర అని రాసింది. మొదటిసారి తెలియక పోగొట్టుకున్న మార్కును రెండోసారి తెలిసి పోగొట్టుకుంది. కానీ ఏడో ఖాళీకి బీరువాలోని చీటీలో ఉన్నది ఉన్నట్టే ఎక్కింది. నెమలి. జిల్లా అంతా లాభం అని రాసింది. ఒక్క పిల్ల నెమలి అని రాసింది. ఆమెకు ఇరవై వచ్చాయి.

సోమక్క గోడ దగ్గర నిలబడి ప్రకాశం చేత మూడుసార్లు చదివించుకుంది. "ఇంగోసారి చదువప్పా, నీ పుణ్యం ఉంటాది" అంది.

"ఎన్నిసార్లు చదివినా ఇరవయ్యేమ్మా. చదివేకొద్దీ పెరగవు" అన్నాడు ప్రకాశం.

"పెరగొద్దులే. తగ్గకుంటే శాలు."

తగ్గే ఏర్పాట్లు మరుసటి రోజే మొదలయ్యాయి. తల్లిదండ్రుల సంఘం ఊరేగింపు తీసింది. 'తుది కీ చెప్పినట్టు రాసిన మా పిల్లలకు సున్నా ఏమిటి?' అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. దీనికి ధనుంజయ గారు రెండూ తుది కీలేనని, దేని విడతలో అది తుది అని వివరించారు. అప్పుడు సంఘం ఇంకో మాట అంది. వేలమంది పిల్లల్లో ఒక్కరికే నెమలి అని ఎలా తెలిసింది?

కిరణ్‌కుమార్ సాఫ్ట్‌వేరు కూడా ఇదే అనుమానం వ్యక్తం చేసింది. అందులో అక్రమాలు పట్టే ఏర్పాటు ఉంది. మొదట అందరి జవాబులూ ఒకేలా ఉంటే అనుమానించేలా రాశారట. అలా పెడితే జిల్లాలో అన్ని కేంద్రాల మీదా ఎర్రదీపం వెలిగింది. అందుకని తిప్పి రాశారు. ఎవరితోనూ కలవని జవాబు ఉంటే అనుమానించమన్నారు. ఇప్పుడు జిల్లాలో ఒక్క చోటే ఎర్రదీపం వెలిగింది. మా ఊరి మీద.

విచారణకు శివానిని కర్నూలు పిలిపించారు. తోడుగా తండ్రి, నేను వెళ్లాం.

"ఏడో ప్రశ్నకు జవాబు నీకు ఎవరు చెప్పారు?" అని ధనుంజయ గారు అడిగారు.

"పద్మ టీచరమ్మ సార్."

"ఎప్పుడు?"

"మూడో తరగతిలో."

ధనుంజయ గారు కలం కింద పెట్టారు. పరీక్షకు ముందు రోజు పేపరు లీకు కావడం వాళ్లకు తెలుసు. పరీక్షకు నాలుగేళ్ల ముందే లీకు కావడం జిల్లా చరిత్రలో మొదటిసారి.

చిన్న ఈరన్న చేతులు జోడించి, "సార్, ఆయమ్మ శానా మంచిది సార్. మాకు యేం దుడ్లు గూడా అడగలేదు" అన్నాడు. ఆ మాట కేసును ఇంకా బిగించింది. దుడ్లు అడగకుండా జవాబు చెప్పడం వెనుక ఏదో పెద్ద కారణమే ఉండాలని రాసుకున్నారు.

వారం తిరక్కుండా నోటీసు మా ఇంటికి వచ్చింది. 'శ్రీమతి పద్మప్రియ, ఉపాధ్యాయురాలు గారికి: తాము మూడవ తరగతి విద్యార్థులకు జాతీయ పక్షి పేరును ముందస్తుగా, ఉచితంగా, బొమ్మతో సహా వెల్లడించినట్టు తేలినది. స్వయంగా హాజరై సంజాయిషీ ఇవ్వవలెను. హాజరు కాలేనిచో కారణం ఆన్‌లైన్‌లో తెలుపవలెను. సంజాయిషీ సంతృప్తికరంగా లేనిచో సదరు విద్యార్థిని సీటు రద్దగును.'

ఆమె పేరు మీద చాలా రోజుల తర్వాత ఉత్తరం వచ్చింది. సంతకం చేసి తీసుకున్నాను.

సుగ్గి లారీ వచ్చే వేళ అయింది. మేస్త్రీ వచ్చి మనుషుల లెక్క రాసుకుంటున్నాడు. చిన్న ఈరన్న ఇంటి దగ్గర ఇద్దరా, ముగ్గురా అని అడిగి, పెన్సిలు చెవిలో పెట్టుకుని, మళ్లీ వస్తానని వెళ్లాడట.

నేను ప్రకాశం దగ్గరికి వెళ్లి ఫారం తెరిచాను. ఒకటే ఖాళీ ఉంది. హాజరు కాకపోవుటకు కారణం.

'చనిపోయింది' అని కొట్టాను. 'తప్పు. మళ్లీ ప్రయత్నించండి' అని వచ్చింది. అధికారులకు రాసేటప్పుడు గౌరవం ఉండాలని, 'మరణించారు' అని కొట్టాను. 'తప్పు. ఇక ఒక అవకాశం మాత్రమే కలదు' అని వచ్చింది.

ప్రకాశం నా వెనక నిలబడి ఉన్నాడు. గంటకింత అని నెట్ అద్దె లెక్కగట్టే గడియారాన్ని ఆపేశాడు.

నాకు సరైన జవాబు తెలుసు. మూడక్షరాలు కూడా లేవు. పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, వాక్యంలో పెట్టి చూసుకుని అర్థం కుదిరితేనే ఖాళీ పూరించమని. ఆ మాట ఈ వాక్యంలో పెట్టి చూడలేదు. చూడకుండానే కొట్టాను.

కంప్యూటరు ఆకుపచ్చగా వెలిగింది. 'శ్రీమతి పద్మప్రియ గారి సంజాయిషీ సంతృప్తికరం. ఒకటికి ఒక మార్కు.' కింద ఒక నక్షత్రం బొమ్మ కూడా వచ్చింది.

శివాని సీటు ఖాయమైంది. లారీలో ఇద్దరే ఎక్కారు. సోమక్క లారీ మీద నుంచి, "సార్, పిల్లను చూసి రాండి అప్పుడప్పుడు. అన్నం సరిగ్గా తింటాందో లేదో" అని అరిచింది. జిల్లా విధానానికి ఆ ఏడు ఉత్తమ ఆవిష్కరణగా పై వాళ్లు జ్ఞాపిక ఇచ్చారు. ధనుంజయ గారు దాన్ని అందుకుంటూ, ఒక్క ఖాళీ కూడా మిగలకుండా పూరించిన ఏకైక జిల్లా మనదని అన్నారు. లక్ష్మీనరసయ్య శెట్టిగారికి శాలువా కప్పారు. గాబ్రియేలుకు జీతం పెరిగింది.

ఒక ఆదివారం బొరుగుల పొట్లం తీసుకుని గురుకులానికి వెళ్లాను. శివాని కొంచెం ఒళ్లు చేసింది. రెండు జడలకు రిబ్బన్లు కట్టుకుని, చెట్టు కింద కూర్చుని బొరుగులు తింటూ హాస్టలు కబుర్లన్నీ చెప్పింది. వచ్చేముందు, ఊరికే నవ్వించడానికి, "మన జాతీయ పక్షి ఏదమ్మా?" అన్నాను.

ఆ పిల్ల బొరుగులు నమలడం ఆపింది. నావైపు జాగ్రత్తగా చూసింది.

"పరీక్షకా సార్, నిజానికా?" అంది.

మీకు నవ్వు వస్తున్నట్టుంది. మా జిల్లా సంగతి చదివి నవ్వుకోవడం మీ హక్కు. వీలైతే ఈ పూట మీ ఇంట్లో పిల్లలను పిలిచి ఏదైనా ఒక ప్రశ్న వేసి చూడండి. ఏదైనా సరే, పక్షే కానక్కర్లేదు. వాళ్లూ మీ ముఖం వైపు అలాగే చూసి, ముందు ఇదే మాట అడుగుతారు. ఆ తేడా వాళ్లకు ఎవరు నేర్పారని మాత్రం మా కమిటీని అడగకండి. మా కమిటీ పరిధి కర్నూలు జిల్లా వరకే.